ఆపరేషన్ జరిగిన మరునాడే ఆసుపత్రిలో బాబాయి చనిపోయారు: న్యాయపరంగా ఏం చేయాలి?

చైతన్య_పి:

అందరికీ నమస్కారం. మా బాబాయి గత నెలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పిత్తాశయంలో రాళ్లకు లాప్రోస్కోపిక్ (చిన్న రంధ్రాల ద్వారా చేసే) ఆపరేషన్ చేయించుకుని, మరునాడు తెల్లవారుజామున చనిపోయారు. ఆయన వయసు యాభై ఎనిమిదేళ్లు. బీపీకి వేసుకునే ఒక మాత్ర తప్ప వేరే జబ్బేదీ లేదు. ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్షలు, ఈసీజీ, ఎకో అన్నీ చేసి, మత్తు ఇవ్వడానికి ఇబ్బందేమీ లేదని రాసిచ్చారు. మధ్యాహ్నం ఆపరేషన్ బాగా జరిగిందని, మరునాటి సాయంత్రానికి ఇంటికి పంపిస్తామని చెప్పారు.

రాత్రి పది దాటాక కడుపు ఉబ్బుతోందని, కుడి భుజం లాగేస్తోందని బాబాయి అన్నారు. డ్యూటీ డాక్టరు ఒకసారి వచ్చి, ఆపరేషన్ సమయంలో కడుపులోకి ఎక్కించిన గ్యాస్ వల్ల అలాగే ఉంటుందని చెప్పి, నొప్పికి ఇంజెక్షన్ రాసి వెళ్లిపోయారు. మంచం కాళ్ల వైపు తగిలించిన చార్టులో సిస్టర్ రాసిన అంకెలు చూసి నాకు కంగారు పుట్టి, రెండు గంటలప్పుడు ఫోనులో ఫొటో తీశాను. పదిన్నరకు నాడి 96, పన్నెండున్నరకు 112, రెండింటికి 128 అని ఉంది. బీపీ 130/80 నుంచి 100/60కి దిగింది. పెద్ద డాక్టరుగారికి ఫోను చేయమని పిన్ని రెండుసార్లు బతిమాలింది. నాలుగింటికి ఒళ్లంతా చెమటలు పట్టి స్పృహ తప్పారు. ఐసీయూలోకి తీసుకెళ్లారు, ఐదున్నరకు పోయారని చెప్పారు.

మాకిచ్చిన కాగితంలో మరణానికి కారణం ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ (గుండె, ఊపిరి ఆగిపోవడం) అని మాత్రమే రాసి ఉంది. పోస్టుమార్టం మాటే ఎవరూ ఎత్తలేదు, దహనం కూడా అయిపోయింది. ఇప్పుడు ఆసుపత్రి వాళ్లు ఫోను చేసి, మాకు ఎలాంటి ఫిర్యాదూ లేదని పిన్ని సంతకం పెడితే బిల్లులో కొంత తిరిగి ఇస్తామంటున్నారు. పిన్నికి డబ్బు మీద ఆశ లేదు. ఆ రాత్రి అసలేం జరిగిందో బాధ్యత గల మనిషి ఎవరైనా ఎదురుగా కూర్చుని చెప్పాలన్నదే ఆమె కోరిక. ఇది నిర్లక్ష్యం కిందికి వస్తుందా? పోస్టుమార్టం లేకుండా కేసు నిలబడుతుందా? ఎవరిని ఆశ్రయించాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.

న్యాయవాది_శారద:

చైతన్య గారూ, మీ కుటుంబానికి నా ప్రగాఢ సానుభూతి. ముందుగా చెప్పవలసిన మాట ఒకటుంది. ఆసుపత్రి వారు పంపే ఏ కాగితం మీదా మీ పిన్నిగారు ఇప్పుడు సంతకం చేయకూడదు. చిన్న మొత్తం తీసుకుని, ఇకపై ఎలాంటి క్లెయిమూ ఉండదని రాసిచ్చిన తర్వాత, ఆ కాగితాన్ని పక్కకు నెట్టి కేసు నడపడం చాలా కష్టమవుతుంది. వాళ్లతో మర్యాదగానే, ఆలోచించుకుని చెబుతామని అనండి.

ఇది నిర్లక్ష్యమా కాదా అన్న ప్రశ్నకు ఈ దశలో నేనే కాదు, ఏ వకీలూ జవాబు చెప్పలేరు, చెప్పకూడదు కూడా. ఆ జవాబు కేస్ షీటులో ఉంటుంది, కాబట్టి మొదటి పని దాన్ని సంపాదించడం. భారత వైద్య మండలి 2002 నాటి వృత్తి నియమావళి ప్రకారం, లోపల చేరి వైద్యం పొందిన రోగి రికార్డులను మూడేళ్లపాటు భద్రపరచాలి. రోగి గానీ, అతని తరఫున అధికారం ఉన్నవారు గానీ అడిగితే, అడిగినట్టు రసీదు ఇచ్చి, 72 గంటల్లోగా వాటిని అందించాలి. మీరు అన్నకొడుకు కనుక మీ పేరుతో అడిగితే అడ్డు చెప్పే అవకాశం ఉంది. దరఖాస్తు పిన్నిగారి పేరుతో, ఆమె సంతకంతో ఉండాలి. మీరు వెళ్లి తీసుకునేటట్టయితే, మీకు అధికారమిస్తున్నట్టు ఆమె ఒక లేఖ రాసివ్వాలి.

దరఖాస్తులో ‘రికార్డులన్నీ’ అని ఒక్క మాటతో సరిపెట్టకండి. చేర్చుకున్నప్పటి నోట్స్, మత్తు డాక్టరు రాసిన చార్టు, ఆపరేషన్ నోట్స్, అంగీకార పత్రాలు, నర్సుల చార్టులు, డ్యూటీ డాక్టరు రాసిన నోట్స్, మందుల షీటు, ల్యాబ్ రిపోర్టులు, ఐసీయూ రికార్డు, డెత్ సమ్మరీ, వివరమైన బిల్లు అని పేరుపేరునా రాయండి. అదే లేఖలో, ఆ రాత్రి వార్డు వరండాలోని సీసీ కెమెరా దృశ్యాలను చెరపకుండా ఉంచాలని కూడా కోరండి. చాలాచోట్ల కొన్ని వారాలకే పాత దృశ్యాల మీద కొత్తవి రికార్డయిపోతాయి. ఒక ప్రతిని చేతికిచ్చి స్టాంపు వేయించుకోండి, మరో ప్రతిని చేరినట్టు రుజువు వచ్చే విధంగా స్పీడ్ పోస్టులో పంపండి.

జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం, మరణ కారణాన్ని ధ్రువీకరించే పత్రం ఒక ప్రతిని ఆసుపత్రి దగ్గరి బంధువుకు ఉచితంగా ఇవ్వాలి. అది మీకు అందకపోతే దాన్నీ అడగండి.

పోస్టుమార్టం లేనంత మాత్రాన కేసు పోదు. అది ఉంటే పని సులువయ్యేదన్నది నిజమే, అయినా రికార్డుల ఆధారంగా గెలిచిన కేసులు ఉన్నాయి.

సూటిమాట:

శారద గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను. ఇంత నిదానంగా లేఖలు రాసుకుంటూ కూర్చుంటే ఆసుపత్రి వాళ్లు ఆ లోపల కేస్ షీటు మొత్తం తిరగరాసుకుంటారు. చైతన్య గారూ, నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఎఫ్ఐఆర్ నమోదు చేయించండి. కేసు పెడితే రికార్డులు పోలీసులే స్వాధీనం చేసుకుంటారు. నలుగురు బంధువులను తీసుకుని వెళ్లి ఆసుపత్రి ముందు కూర్చుంటే, యాజమాన్యం తనంత తానే దిగివస్తుంది. ఒక మనిషి ప్రాణం పోయినప్పుడు మర్యాదలు పాటించాల్సిన బాధ్యత మన ఒక్కరి మీదే ఎందుకు ఉండాలి? డాక్టరును బోనులో నిలబెడితే తప్ప ఇలాంటివి ఆగవని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

న్యాయవాది_శారద:

మీ ఆవేదనలో న్యాయముంది. అయితే పోలీసు ఫిర్యాదు ఇవ్వడం వేరు, అది నిలబడడం వేరు.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106(1) సెక్షన్ నిర్లక్ష్యం వల్ల కలిగిన మరణాలకు వర్తిస్తుంది. మామూలుగా అయిదేళ్ల వరకు శిక్ష ఉండగా, వైద్య ప్రక్రియ చేస్తున్న రిజిస్టర్డ్ డాక్టరుకు అది రెండేళ్ల వరకు జైలు, జరిమానా. దీని స్థానంలో అప్పుడున్న ఐపీసీ 304ఎ సెక్షన్ కింద డాక్టరును నేరస్థుడిగా నిలబెట్టాలంటే సాధారణ నిర్లక్ష్యం చాలదని, అది ఘోరమైన నిర్లక్ష్యం అయి ఉండాలని జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు 2005లో స్పష్టం చేసింది. ఆ కేసులో ఊపిరాడని రోగికి తెచ్చిన ఆక్సిజన్ సిలిండరు ఖాళీగా ఉంది. అంతటి లోపం జరిగినా, సివిల్ బాధ్యత ఆసుపత్రికి ఉండవచ్చు గానీ ఆ డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలవదని కోర్టు కొట్టివేసింది. దర్యాప్తు అధికారి ముందడుగు వేసే ముందు, వీలైతే ప్రభుత్వ సర్వీసులో ఉన్న, ఆ విభాగంలో అర్హత కలిగిన స్వతంత్ర వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలని కూడా అదే తీర్పు చెప్పింది. వైద్య నిర్లక్ష్యం ఆరోపణల్లో ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ జరపవచ్చని 2013 నాటి లలితా కుమారి తీర్పులో ఉంది.

పోలీసులకు ఫిర్యాదు ఇవ్వవద్దని నేను అనడం లేదు. మృతదేహం ఇంకా ఉండి ఉంటే, అదే రోజు ఫిర్యాదు ఇచ్చి, భారతీయ నాగరిక సురక్షా సంహిత 194 కింద శవపంచనామా, పోస్టుమార్టం కోరమని నేనే గట్టిగా చెప్పేదాన్ని. ఖననం చేసి ఉంటే మెజిస్ట్రేటు ఉత్తర్వుతో వెలికితీయించే మార్గం ఉంటుంది. దహనం జరిగిపోయింది కాబట్టి ఇప్పుడు మిగిలిన సాక్ష్యం కాగితమే. నిపుణుడి అభిప్రాయం లేకుండా తొందరపడి ఫిర్యాదు ఇచ్చి, పోలీసులు దాన్ని మూసేస్తే, ఆ మూసివేత కాగితాన్నే ఆసుపత్రి తరఫు వకీలు రేపు ప్రతి కోర్టులోనూ చూపిస్తాడు.

ఆసుపత్రి ముందు గుమిగూడే ఆలోచన మాత్రం వద్దు. ఆసుపత్రుల మీద, సిబ్బంది మీద దాడులను అరికట్టడానికి 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రత్యేక చట్టం వచ్చింది. అది బెయిలు దొరకని నేరం, మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు, పైగా జరిగిన నష్టానికి రెట్టింపు కట్టాల్సి వస్తుంది. ఒక్క అద్దం పగిలినా న్యాయం అడగవలసిన కుటుంబం ముద్దాయిల వరుసలో నిలబడుతుంది.

విశ్రాంత_సర్జన్:

బాబూ చైతన్యా, నేను చాలాకాలం ఇదే ఆపరేషన్లు చేసినవాణ్ని. రికార్డు చూడకుండా తీర్పు చెప్పను గానీ, నువ్వు రాసిన దాన్ని ఒక సర్జన్ ఎలా చదువుతాడో చెబుతాను.

ఈ ఆపరేషన్ తర్వాత భుజం నొప్పి రావడం నిజంగానే మామూలు విషయం. కడుపులో నింపిన కార్బన్ డయాక్సైడ్ వల్ల చాలామందికి వస్తుంది. డ్యూటీ డాక్టరు మొదటిసారి వచ్చి ఆ మాట చెప్పడాన్ని నేను తప్పుపట్టను. కానీ గ్యాస్ నొప్పికి నాడి గంట గంటకూ పెరుగుతూ, బీపీ దిగుతూ పోదు. నాడి 96 నుంచి 128కి ఎక్కడం, పైఅంకె 130 నుంచి 100కి పడడం, కడుపు ఉబ్బడం, ఆఖరికి చెమటలు పట్టి స్పృహ తప్పడం ఒకే వరుసలో కనబడితే, ఆపరేషన్ అయిన మొదటి రాత్రి ఏ సర్జన్‌కైనా ముందు రావలసిన అనుమానం లోపల రక్తస్రావం. గుండెపోటు, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ వంటివీ కావచ్చు, వాటినీ కొట్టిపారేయలేము. ఏదైనా సరే, చేయవలసిన పనులు ఒకటే: హిమోగ్లోబిన్ మళ్లీ చూడాలి, మూత్రం ఎంత వస్తోందో చూడాలి, మంచం దగ్గరే అల్ట్రాసౌండ్ చేయాలి, రక్తం సిద్ధం చేయమనాలి, అన్నిటికంటే ముందు ఆపరేషన్ చేసిన సర్జన్‌ను నిద్రలేపాలి.

రక్తస్రావం జరగడమే నిర్లక్ష్యం కాదు. ఎంత మంచి చేతికైనా ఎప్పుడో ఒకసారి రక్తనాళానికి వేసిన క్లిప్ జారుతుంది. మీరు సంతకం పెట్టిన అంగీకార పత్రంలో ఆ ప్రమాదం రాసే ఉంటుంది, ఆసుపత్రి కూడా దాన్నే చూపిస్తుంది. జరిగినదాన్ని సకాలంలో గుర్తించారా, గుర్తించాక కదిలారా అన్నదే అసలు ప్రశ్న. కేసు రాసేవారు ‘ఆపరేషన్ తప్పుగా చేశారు’ అని మొదలుపెడితే ఓడిపోతారు. పదిన్నర నుంచి నాలుగింటి దాకా ఏం చేశారన్నదాని మీదే నిలబడండి.

ఇంకొక మాట. గుండె, ఊపిరి ఆగిపోవడం ప్రతి మరణంలోనూ చివర జరిగేదే. మరణ కారణ ధ్రువపత్రమైన ఫారం 4లోనే, చావు వచ్చిన తీరు కాకుండా దానికి దారితీసిన జబ్బునో, గాయాన్నో, చిక్కునో రాయాలన్న సూచన ముద్రించి ఉంటుంది. కాబట్టి మీకిచ్చిన ఆ రెండు మాటలు కారణం చెప్పినట్టు కాదు. అసలు కారణం ఏమనుకుంటున్నారో లిఖితపూర్వకంగా చెప్పమని అడిగే హక్కు మీ పిన్నిగారికి ఉంది.

వార్డ్_సిస్టర్:

రాత్రి డ్యూటీలు చేసిన అనుభవంతో చిన్న విషయం చెబుతాను. మేము రాసే నోట్స్‌లో ‘డాక్టర్ ఇన్ఫార్మ్డ్’ (డాక్టరుకు చెప్పాం) అని సమయంతో సహా రాస్తాం, ఎందుకంటే రేపు మాట వస్తే మా మీదికే వస్తుంది. ఆ వాక్యం ఎన్ని గంటలకు రాసి ఉందో, దాని ఎదురుగా డాక్టరు నోట్ ఎన్ని గంటలకు ఉందో పక్కపక్కన పెట్టి చూడండి. మూత్రం, సెలైన్ లెక్కలు రాసే చార్టు వేరే కాగితం మీద ఉంటుంది, కాపీలు ఇచ్చేటప్పుడు ఎక్కువగా తప్పిపోయేది అదే. పేజీ నంబర్లు వరుసగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ మీద కోపం పెట్టుకోకండి. రెండింటికి 128 అని ఉన్నది ఉన్నట్టు రాసింది ఆమే కదా.

లలిత_కె:

మా నాన్నగారి విషయంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసి గెలిచినదాన్ని కాబట్టి, ఆ దారి ఎలా ఉంటుందో రాస్తున్నాను.

డబ్బు చెల్లించి పొందే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 2019 చట్టం వచ్చాక కూడా ఆ స్థితి మారలేదు. వినియోగదారుడు మరణిస్తే వారసులు ఫిర్యాదు చేయవచ్చు. ఆసుపత్రి ఎక్కడున్నా, మనం నివసించే జిల్లాలోనే వేసుకునే వెసులుబాటు ఈ కొత్త చట్టంలో ఉంది, మా అమ్మకు అది ఎంతో మేలు చేసింది. చికిత్సకు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్, రెండు కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్ చూస్తాయి. ఇక్కడ లెక్కలోకి వచ్చేది మనం చెల్లించిన బిల్లే గానీ, అడిగే పరిహారం కాదు. చెల్లించినది అయిదు లక్షల లోపైతే కోర్టు ఫీజు కూడా లేదు. మరణించిన రోజు నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు కావాలి. ఆలస్యానికి కారణం చూపి మన్నించమని అడగవచ్చు గానీ, దాని మీద ఆశ పెట్టుకోకండి.

చట్టం మూడు నుంచి అయిదు నెలల్లో తేల్చాలంటుంది. వాస్తవంలో ఏళ్లు పడుతుంది. అవతలివారు జవాబు దాఖలు చేయడానికి 30 రోజులు, పొడిగిస్తే మరో 15 రోజులే గడువని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో గట్టిగా చెప్పింది కాబట్టి ఆ దశ త్వరగానే గడుస్తుంది. అసలు ఆలస్యమంతా సాక్ష్యాల దగ్గర, వాయిదాల దగ్గర జరుగుతుంది. ప్రతి వాయిదాకూ ఆ రాత్రిని మళ్లీ మొదటి నుంచి గుర్తుచేసుకోవాల్సి రావడం మా అమ్మను బాగా కుంగదీసింది. అందుకే కమిషన్‌కు వెళ్లవలసిన ప్రతిసారీ ఆమెను తీసుకెళ్లకుండా, ప్రమాణపత్రం మీద సంతకం తీసుకుని, మిగిలినదంతా మేమే చూసుకున్నాం. మీ పిన్నిగారి విషయంలోనూ ఈ సంగతి ముందే ఆలోచించండి.

నిపుణుడి అభిప్రాయం లేనిదే కేసు వినరని మాతో చాలామంది అన్నారు. అది పూర్తిగా నిజం కాదు. జ్వరంతో హైదరాబాద్‌లోని ఆసుపత్రిలో చేరిన తన భార్యకు మలేరియా ఉండగా టైఫాయిడ్ వైద్యం చేశారని వి. కిషన్‌రావు వేసిన కేసులో, రికార్డులోనే విషయం స్పష్టంగా ఉన్నప్పుడు ప్రతి కేసులోనూ నిపుణుడు అవసరం లేదని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. రాష్ట్ర, జాతీయ కమిషన్లలో ఓడిపోయిన మనిషికి జిల్లా ఫోరం (ఇప్పటి జిల్లా కమిషన్) ఇచ్చిన తీర్పును తిరిగి నిలబెట్టింది. అయినా, దొరికితే నిపుణుడి అభిప్రాయం పెట్టుకోవడమే మేలని నా అనుభవం. మా కేసులో ఒక ప్రభుత్వ వైద్య కళాశాల ప్రొఫెసరుగారు రాసిన రెండు పేజీలే గెలిపించాయి.

నాగమణి_22:

నాదీ ఇలాంటి బాధే. కాకపోతే మా అమ్మ ప్రభుత్వ ఆసుపత్రిలో, పైసా కట్టకుండా వైద్యం పొందుతూ చనిపోయింది. మాకూ ఈ కమిషన్ దారి ఉంటుందా?

న్యాయవాది_శారద:

నాగమణి గారూ, అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి వినియోగదారుల చట్టం కిందికి రాదు. కొందరి దగ్గర ఫీజు తీసుకుంటూ మరికొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రి అయితే, ఉచితంగా చూపించుకున్నవారు కూడా వినియోగదారులేనని శాంత తీర్పే చెప్పింది. బీమా కంపెనీ గానీ, పనిచేయించుకునే సంస్థ గానీ బిల్లు కట్టినా అంతే. అమ్మగారిది మొదటి రకం ఆసుపత్రి అయితే, మీకు సివిల్ కోర్టు, లేదంటే హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ అనే దారులున్నాయి. ప్రభుత్వ ఆసుపత్రులు అత్యవసర రోగిని చేర్చుకోకపోవడం జీవించే హక్కును ఉల్లంఘించడమేనని 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది. సివిల్ దావాకూ మరణించిన తేదీ నుంచి రెండేళ్లే గడువు. రికార్డుల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి, 30 రోజుల్లో జవాబు రావాలి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 15100కి ఫోను చేసినా దారి చెబుతారు. చైతన్య గారి పిన్నిగారికి కూడా ఈ సౌకర్యం ఉంది.

చైతన్య_పి:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. శారద గారు చెప్పినట్టే పిన్ని సంతకంతో దరఖాస్తు ఇచ్చాం. మొదట రికార్డు రూములో లేదన్నారు. వైద్య మండలి నియమం పేరెత్తి రెండో లేఖ ఇచ్చాక కాపీలు ఇచ్చారు. సిస్టర్ గారు అనుమానించినట్టే మూత్రం లెక్కల చార్టు అందులో లేదు.

అంతకంటే పెద్ద విషయం ఇంకొకటి. వాళ్లిచ్చిన నర్సుల చార్టులో రెండు గంటల ఎదురుగా నాడి 98, బీపీ 120/70 అని ఉంది. నా ఫోనులో ఉన్న ఫొటోలో అదే చోట 128, 100/60 అని ఉంది. చేతిరాత కూడా వేరుగా కనిపిస్తోంది. ఫొటోలో ఒక అంకె కొట్టేసి పక్కన మళ్లీ రాసిన గుర్తు ఉంది, కాపీలో కొట్టివేతే లేదు. ‘డాక్టర్ ఇన్ఫార్మ్డ్’ అన్న మాట 3.50కి ఒక్కసారే కనిపిస్తోంది. ఇప్పుడే వెళ్లి వాళ్ల ముఖం మీద ఈ ఫొటో పెట్టి అడగాలనుంది. ఏం చేయమంటారు?

సూటిమాట:

నేను మొదట్లో భయపడింది ఇదే. ఆ ఫొటో తీసిన మీ సమయస్ఫూర్తికి దండం పెడుతున్నాను. ఇక శారద గారు చెప్పినట్టే నడుచుకోండి.

న్యాయవాది_శారద:

చైతన్య గారూ, వెళ్లవద్దు, ఫోనులో కూడా అడగవద్దు. ఆ ఫొటో ఎలా పుట్టిందో అలాగే ఉండాలి. దాన్ని కత్తిరించడం, వెలుగు పెంచడం, మీద గీతలు గీయడం వంటివేవీ చేయకండి. వాట్సాప్‌లో పంపితే ఫొటో పరిమాణం తగ్గిపోవడమే కాక, ఎప్పుడు తీసిందో చెప్పే లోపలి వివరాలు కూడా పోతాయి. ఫోను మార్చే ఆలోచన ఉంటే మానుకోండి, పాతదాన్ని అలాగే దాచండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే దానితోపాటు నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం ఉండాలి. అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంకేతం) కూడా నమోదు చేయాలి, దీన్ని మీ న్యాయవాది చూసుకుంటారు. ఆ రాత్రి ఫొటో ఎప్పుడు, ఎందుకు, ఎవరి ఎదుట తీశారో గుర్తున్నంతవరకు ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పిన్నిగారిని విడిగా రాయమనండి, ఒకరిది చూసి ఒకరు రాయకండి.

ఇప్పుడు కేసు స్వరూపం మారింది. రెండు చార్టులూ తేడాగా ఉన్నాయని రుజువైతే, నిర్లక్ష్యం సంగతి అలా ఉంచి, తప్పుడు రికార్డు తయారుచేశారన్న ఆరోపణకు విడిగా క్రిమినల్ బాధ్యత ఉంటుంది. పోలీసు ఫిర్యాదు గురించి అప్పుడు ఆలోచిద్దాం. ముందు లీగల్ నోటీసు పంపాలి. అందులో మూత్రం లెక్కల చార్టు, మూల రికార్డు పరిశీలనకు అనుమతి, మరణానికి అసలు కారణం అడగాలి. ఫొటో సంగతి నోటీసులో ఎత్తాలా, వాళ్లు ప్రమాణపత్రంతో తమ చార్టును దాఖలు చేసేదాకా ఆగాలా అన్నది మీ న్యాయవాది రికార్డంతా చదివి నిర్ణయించాలి. నా మటుకు నేనైతే ఆగుతాను.

ఫిర్యాదులో ఆసుపత్రిని, సర్జన్‌ను, డ్యూటీ డాక్టరును ప్రతివాదులుగా చేర్చండి. డ్యూటీ డాక్టరు పేరు తెలియలేదని ఆగిపోకండి. సవితా గార్గ్ కేసులో సుప్రీంకోర్టు 2004లో చెప్పినదాని ప్రకారం, రోగి చేరింది ఆసుపత్రిలో కాబట్టి, తమవైపు నిర్లక్ష్యం లేదని చూపే భారం ఆసుపత్రి మీదే ఉంటుంది. వైద్యం చేసిన డాక్టరును కక్షిగా చేర్చలేదన్న కారణంతో కేసు కొట్టివేయకూడదు. రాష్ట్ర వైద్య మండలికి కూడా ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ పరిహారం రాదు గానీ, హెచ్చరించడానికి, డాక్టరు పేరును రిజిస్టరు నుంచి కొంతకాలం తొలగించడానికి ఆ మండలికి అధికారముంది. విచారణలో డాక్టరుగారు జవాబు చెప్పక తప్పదు కాబట్టి, మీ పిన్నిగారి ప్రశ్నకు సమాధానం అక్కడే ముందుగా దొరకవచ్చు.

విశ్రాంత_సర్జన్:

బాబూ, నువ్వు పేర్లు తీసేసి పంపిన కాపీలు చదివాను. ఆపరేషన్ నోట్స్‌లో నాకు తప్పేమీ కనబడలేదు, ఈ మాట నిజాయితీగా చెప్పాలి. కానీ రాత్రంతా హిమోగ్లోబిన్ ఒక్కసారీ చూడలేదు. మొదటిసారి రక్తం తీసింది ఐసీయూలో, 4.25కి, అందులో 5.8 ఉంది. ఆపరేషన్‌కు ముందు 13.6. ఇంత తేడా గుండె ఆగినంత మాత్రాన రాదు. సెలైన్ ఎక్కించడం వల్ల కొంత పలచబడి ఉండవచ్చు, దాన్ని లెక్కలోకి తీసుకున్నా లోపల చాలా రక్తం పోయిందనే నేను అనుకుంటాను. సర్జన్‌ను పిలిచిన సమయం ఎక్కడా లేదు.

నేను ప్రాక్టీసు మానేసి చాలాకాలమైంది, నా అభిప్రాయానికి కోర్టులో బరువు తక్కువ. ప్రభుత్వ వైద్య కళాశాలలో సర్జరీ ప్రొఫెసరుగా ఇప్పుడు పనిచేస్తున్నవారి దగ్గరకు వెళ్లు. ‘నిర్లక్ష్యమా?’ అని అడగకు, ఆ మాట రాయడానికి తోటి డాక్టర్లు జంకుతారు. ఈ అంకెలు కనిపించినప్పుడు మామూలు సామర్థ్యం గల సర్జన్ ఏం చేస్తాడు, ఎంతసేపట్లో చేస్తాడు, ఈ రికార్డులో అది జరిగిందా అని మూడు ప్రశ్నలుగా రాసివ్వు. వాటికి ఎవరైనా జవాబు రాస్తారు.

చైతన్య_పి:

డాక్టరుగారూ, మీరు రాసింది పిన్నికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, తాను అడిగినప్పుడు ఆ ఒక్క రక్తపరీక్ష చేసి ఉంటే తెలిసేదా అని అడిగింది. తెలిసేదని మీరు రాసినట్టే చెప్పాను.

న్యాయవాదిని పెట్టుకున్నాం, వకాల్తా మీద పిన్ని, ఆమె పిల్లలిద్దరూ సంతకాలు చేశారు. నోటీసు నిన్న పోస్టయింది. ఫొటో సంగతి అందులో లేదు. ఆసుపత్రికి జవాబివ్వడానికి పదిహేను రోజులు ఇచ్చాం. ఈలోగా మూడు ప్రశ్నలతో ప్రొఫెసరుగారి దగ్గరకు వెళ్తున్నాను. ఆసుపత్రి జవాబు వచ్చాక వివరాలు ఇక్కడే రాస్తాను. నాగమణి గారూ, సమాచార హక్కు దరఖాస్తు నమూనా మా న్యాయవాది ఇచ్చారు, కావాలంటే మీకు పంపిస్తాను.